ఐదు సెకన్ల షుగరు

మా అత్తగారికి షుగరుందని ఊరందరి ముందూ ప్రకటించిన మనిషిని నేనే. ఆవిడ వేలికి సూది గుచ్చింది నేను. చుక్క నెత్తురు స్ట్రిప్‌కి తగిలించింది నేను. మిషన్ మీద పడ్డ అంకెని గట్టిగా చదివి, పక్కనున్న అమ్మాయి చేత రిజిస్టర్‌లో రాయించింది కూడా నేనే. ఆవిడకి షుగరు లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇరవై ఏళ్ళ పైబడి విజయవాడలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్నాను. మాది కంకిపాడు దాటాక కాలవ పక్కన ఊరు. పొద్దున్నే బస్సెక్కి వెళ్తాను, సాయంత్రానికి వస్తాను. ఇంట్లో నేనూ, మా ఆయనా, అత్తగారూ. వీధివైపు గదిలో మా ఆయనకి ఎరువుల కొట్టు. అత్తగారు డెబ్బైకి దగ్గర పడ్డా ఒక్క క్షణం కూర్చోదు. ఎండాకాలం వచ్చిందంటే పెరట్లో చాపలు పరిచి మామిడి తాండ్ర పోస్తుంది. నూజివీడు రసాలే కావాలి, ఇంకేవి తెచ్చినా వాసన చూసి పక్కన పెట్టేస్తుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నెత్తురు పరీక్ష అంటే చేతి నరంలోంచి తీయడం, గొట్టంలో పోయడం, మిషన్‌లో తిప్పడం, సాయంత్రం రిపోర్టు. ఆ రోజులే బాగుండేవని నేననను. పురుగుమందు తాగి వచ్చినవాళ్ళ బంధువులు రిపోర్టు కోసం మెట్ల మీద కూర్చుని ఏడవడం చూశాను. మంచం పక్కనే పరీక్ష చేసే చిన్న మిషన్లు, చుక్క నెత్తురు వేస్తే రోగముందని రెండు గీతలతో చెప్పే కార్డులు వచ్చాక ఎంతమంది బతికారో కూడా చూశాను. నాకు మిషన్ల మీద కోపం లేదు. ఆ మిషన్ చేతికి రాగానే బుర్ర జేబులో పెట్టేసుకునే మనుషుల మీదే. వాళ్ళలో నేనూ ఒకదాన్ని కాబట్టి కోపం కాస్త ఎక్కువే.

మా ఆసుపత్రికి ఒక పీఆర్వో ఉన్నాడు. ఊళ్ళ నుంచి రోగుల్ని రప్పించడం ఆయన పని. మే నెలలో కూడా టై కట్టుకుని తిరుగుతాడు. రోగి అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు, ‘కేసు’ అంటాడు, లేకపోతే గుమ్మం ఎక్కే జనం లెక్కగా ‘ఫుట్‌ఫాల్’ అంటాడు. ల్యాబ్‌లోకి ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు, వాసనట. ఆయనే ఒకరోజు ల్యాబ్ గుమ్మం బయట నిలబడి నన్ను పిలిచాడు.

“మేడం, మీ ఊళ్ళో ఫ్రీ క్యాంప్ పెడదామండీ. మీకు పేరొస్తుంది, మనకి ఫుట్‌ఫాల్ వస్తుంది. షుగరు ఐదు సెకన్లు, మిగతా కార్డులు పది నిమిషాలు. మనిషి కుర్చీలోంచి లేచేలోగా రిపోర్టు చేతిలో పెట్టాలి. అదీ మన స్పెషాలిటీ.”

పేరొస్తుందన్న మాటకి పడిపోయాను. దాచుకునేదేముంది. ఊళ్ళో నన్ను ఇంకా ‘ఎరువుల కొట్టాయన భార్య’ అనే అంటారు. ఒక్కసారి తెల్లకోటు వేసుకుని వీధిలో కనపడాలని ఉంది.

బడి ఆవరణలో షామియానా వేశారు. నా తల కంటే పెద్దగా ఆసుపత్రి యజమాని మొహం ఉన్న ఫ్లెక్సీ కట్టారు. ఎనిమిదింటికల్లా జనం వరుస కట్టారు. ఒక డ్యూటీ డాక్టరు వచ్చాడు, చదువు అయిపోయి రెండేళ్ళు కూడా అయి ఉండదు. ఫ్యానుకి ఎదురుగా బల్ల వేయించుకుని కూర్చున్నాడు. పీఆర్వో వరుస పక్కనే తిరుగుతూ “ఫాస్ట్, ఫాస్ట్” అంటున్నాడు. నేను స్పిరిట్ దూదితో వేలు తుడవడం, గుచ్చడం, అంకె చదవడం. మొహాలు చూడ్డం మానేశాను. వేళ్ళే కనపడుతున్నాయి.

పదిన్నరకి అత్తగారు వచ్చింది. తెల్లవారకముందే పెరట్లో పని మొదలుపెట్టింది, పక్కింటి ఇద్దరాడవాళ్ళని సాయం కూర్చోబెట్టుకుని రసాలు పిండుతోంది. నేను రెండుసార్లు కబురు చేస్తే గానీ కదల్లేదు. కోడలు పిలిచాక రాకపోతే బాగోదని చేతులు కొంగుకి తుడుచుకుని, ఆ ఇద్దర్నీ వెంటబెట్టుకుని వచ్చింది.

“నాకేం రోగం లేదే అమ్మాయ్, చాప మీద రసం ఆరిపోతోంది, త్వరగా కానీ” అంది.

వేలు చాపింది. స్పిరిట్‌తో తుడిచాను. గుచ్చాను. మూడు వందల అరవై ఎనిమిది.

“మూడొందల అరవై ఎనిమిదా!” అని నేను చదివీ చదవగానే వరుసలో ఉన్నవాళ్ళు అన్నారు. అత్తగారు నా వంక చూసింది. నేను కోటు సర్దుకుని, “కంగారు పడకండి అత్తయ్యా, ముందే తెలియడం మంచిదయింది” అన్నాను. నా గొంతులో ఏదో గొప్పదనం ఉంది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు కంపరమెత్తుతుంది.

వెనక వచ్చిన ఇద్దరికీ కూడా మూడు వందలు దాటింది. ఒకే పెరట్లోంచి వచ్చిన ముగ్గురికీ, ఒక్క మందుబిళ్ళ ఎరగని ముగ్గురికీ, ఒకేసారి అంత షుగరేమిటని ఎవరికైనా అనుమానం రావాలి. నాకు రాలేదు. డాక్టరుకి అసలే రాలేదు. ఆయన అంకె చూశాడు, కలం తీశాడు. దాహం వేస్తోందా, ఒంటేలు ఎక్కువగా వస్తోందా, బరువు తగ్గారా, ఒక్క ప్రశ్న లేదు. పొద్దున్న తిండికి ముందు వేసుకోమని ఒక బిళ్ళ, తిన్నాక ఒకటి రాశాడు. “వారంలో ఆసుపత్రికి వచ్చి ఫుల్ చెకప్ చేయించుకోండి అమ్మా” అన్నాడు. పీఆర్వో ఆవిడ ఫోన్ నంబరు రాసుకుని నాకు బొటనవేలు చూపించాడు.

ఇంట్లో ఆ వారం నేను చలాయించిన పెత్తనం అంతా ఇంతా కాదు. అన్నం సగం చేశాను. కాఫీలో పంచదార తీసేశాను. క్యాంప్‌లో వాడిన మిషనే తెచ్చి బీరువా మీద పెట్టాను గానీ, వారం బిళ్ళలు పడ్డాక చూద్దాంలే అని ఆవిడకి మళ్ళీ గుచ్చలేదు. వీధిలో ఆడవాళ్ళు కాకరకాయ రసమని ఒకరు, మెంతులని ఒకరు తెచ్చిపెట్టారు. అత్తగారు తాండ్ర పొర మీద పొర పోస్తూనే ఉంది గానీ ఒక్క ముక్క నోట్లో వేసుకోనివ్వలేదు నేను.

“నేను పోసిన తాండ్ర రుచి నేను చూడకపోతే పులిసిందో లేదో ఎట్లా తెలుస్తుందే?” అంది.

“నేను చూసి చెప్తాను లెండి” అన్నాను.

“నీకేం తెలుసు తాండ్ర సంగతి?” అంది. బిళ్ళ చేతిలో పెట్టాను.

ఆవిడకి శనివారం ఒంటిపూట. ఎన్నో ఏళ్ళుగా పాటిస్తోంది, మధ్యాహ్నం దాకా ఏమీ తినదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ బిళ్ళ వేసుకున్నాక వెంటనే తినాలన్నదీ తెలుసు. రెండూ తెలిసిన మనిషిని, ఆ శనివారం పొద్దున్న గ్లాసుతో నీళ్ళిచ్చి, బిళ్ళ మింగించి బస్సెక్కాను. రెంటినీ కలిపి ఆలోచించాలని తట్టలేదు.

పదకొండింటికి మా ఆయన ఫోన్ చేశారు.

“అమ్మ గిన్నెలు తోముతూ పంపు దగ్గర ఒరిగిపోయింది. ఒళ్ళంతా చెమట. ఏదేదో మాట్లాడుతోంది, నన్ను గుర్తుపట్టట్లేదు. వీధి చివర ఆర్ఎంపీ గారిని పిలిచాను. షుగరు పెరిగి పడిపోయిందంటున్నారు. ఇంకో బిళ్ళ వెయ్యమంటున్నారు.”

“వెయ్యొద్దు!” అని అరిచాను. ల్యాబ్‌లో అందరూ తిరిగి చూశారు. “బీరువా మీద మిషన్ ఉంది, తీసి వేలికి గుచ్చండి. అంకె చెప్పండి.”

నేనే నేర్పాను ఆయనకి ఆ మిషన్ వాడ్డం. ఆ ఐదు సెకన్లూ ఫోన్‌లో ఆయన ఊపిరి వినపడుతోంది.

“ముప్పై ఎనిమిది అని చూపిస్తోంది. మూడొందల ఎనభై అయ్యుంటుంది కదా? చివర సున్నా పడలేదేమో?”

పక్కన ఆర్ఎంపీ గారి గొంతు వినపడింది: “అవునవును, మూడొందల ఎనభై, నేను చెప్పలా?” ఇరవై ఏళ్ళుగా ఊరందరికీ సూదులు పొడిచే మనిషి. లేని సున్నాని కూడా ఆయనే పెట్టుకున్నాడు.

“సున్నా లేదండీ, ముప్పై ఎనిమిదే! షుగరు బాగా తగ్గిపోయింది. పంచదార నీళ్ళు కలపండి. కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పట్టించండి. మింగుతోందా?”

“మింగుతోంది.”

“చెంప లోపల పంచదార రుద్దండి. ఫోన్ పెట్టెయ్యకండి.”

పది నిమిషాలకి అత్తగారి గొంతు వినపడింది. “ఎవరే ఫోన్‌లో?” అంది.

కారు మాట్లాడి కంకిపాడులో ఒక పెద్ద వయసు డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. నేను బస్సు దిగి నేరుగా అక్కడికే వెళ్ళేసరికి అత్తగారికి గ్లూకోజు ఎక్కుతోంది. డాక్టరు గారు మందుల చీటీ చేతిలో పట్టుకుని ఉన్నారు.

“ఈ బిళ్ళ ప్రభావం ఒంట్లోంచి పోయేదాకా మళ్ళీ మళ్ళీ పడిపోతుంది. రేపటిదాకా ఇక్కడే ఉంచండి” అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, “షుగరని ఎవరమ్మా చెప్పింది?” అని అడిగారు.

“క్యాంప్‌లో మిషన్ మీద మూడు వందల అరవై ఎనిమిది వచ్చిందండి.”

“నరంలోంచి తీసి మళ్ళీ చూశారా?”

“లేదండి.”

ఆయన అత్తగారి మంచం పక్కన కూర్చున్నారు. “అమ్మా, ఆ రోజు క్యాంప్‌కి వెళ్ళే ముందు ఏం పని చేస్తున్నారు?”

“ఏముందండీ, తాండ్రకి రసాలు పిండుతున్నా.”

డాక్టరు గారు తలెత్తి నా వంక చూశారు. అంతే. తిట్టినా బాగుండేది. మూడు నెలల సగటు చెప్పే నెత్తురు పరీక్షకి రాసిచ్చారు, మిషన్ మీద కాదు, నరంలోంచి. మర్నాడు రిపోర్టు వచ్చింది. అత్తగారి షుగరు శుభ్రంగా ఉంది, నాకంటే బాగుంది.

ఇంటికొచ్చాక తలుపేసుకుని ఒక రసం పిండాను. చెయ్యి కొంగుకి తుడుచుకున్నాను. స్పిరిట్ దూదితో వేలు తుడిచాను, క్యాంప్‌లో తుడిచినట్టే. గుచ్చి చూశాను. మూడు వందల పన్నెండు. తర్వాత పంపు దగ్గర సబ్బుతో రుద్ది కడుక్కుని, తుడుచుకుని, అదే చేతికి ఇంకో వేలు గుచ్చాను. తొంభై ఆరు. రెండు స్ట్రిప్పులూ గట్టు మీద పక్కపక్కన పెట్టాను. స్పిరిట్‌కి పోని తీపి సబ్బుకి పోయింది. ఆ మిషన్‌తో వచ్చే కాగితంలో మొదటి లైనే చేతులు సబ్బుతో కడుక్కోమని. ఇరవై ఏళ్ళలో ఆ కాగితం ఎన్నిసార్లు మడత కూడా విప్పకుండా చెత్తలో పడేశానో.

సోమవారం పీఆర్వో దగ్గరికి వెళ్ళాను. జరిగింది చెప్పాను. ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళని పిలిచి మళ్ళీ పరీక్ష చేయించాలన్నాను. ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండా విన్నాడు.

“మేడం, క్యాంప్ సూపర్ సక్సెస్ అయింది. సార్ కూడా హ్యాపీ. ఇప్పుడు మామిడికాయల గొడవేంటండీ?”

“మా అత్తగారు చావబోయింది.”

“ఇప్పుడు బాగానే ఉన్నారుగా? అయినా బిళ్ళ వేసుకుని తినకపోవడం పేషెంట్ ఫాల్ట్ అవుతుంది గానీ మనదెలా అవుతుంది? ఆ ఇద్దర్నీ ఫుల్ చెకప్‌కి తీసుకురండి, అప్పుడు ఎలాగూ తేలిపోతుంది.”

అబద్ధపు షుగరుతో వచ్చినా సరే, గుమ్మం ఎక్కితే చాలు ఆయనకి. డ్యూటీ డాక్టరుని అడిగాను. “రీడింగ్ మీరే కదా చెప్పారు?” అన్నాడు. ఆ మాట నిజం కావడం వల్లే నాకు మరింత మండింది.

మర్నాడు సెలవు పెట్టి పొద్దున్నే, ఎవరూ ఏమీ తినకముందు, సబ్బూ మిషనూ పట్టుకుని ఆ పక్కింటి ఇద్దరి దగ్గరికీ వెళ్ళాను. ఒకావిడ వెంటనే చేతులు కడుక్కుంది. అంకె మామూలుగా వచ్చింది. ఏడ్చినంత పని చేసింది. రెండో ఆవిడ మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుంది.

“ఆసుపత్రివాళ్ళ మిషన్ చెప్పింది తప్పా? మీ ఇంటి మిషన్ చెప్పింది ఒప్పా?”

“అదే మిషన్ పిన్నిగారూ. గుచ్చింది కూడా నేనే.”

“అప్పుడు కోటు వేసుకున్నావుగా” అంది.

ఇంటికి వెళ్ళి కోటు తెచ్చుకుని వేసుకున్నాను. అప్పుడు చెయ్యిచ్చింది. ఇద్దర్నీ కంకిపాడు డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే, నరంలోంచి పరీక్ష చేయించి, బిళ్ళలు ఆయనే మాన్పించారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఊరు ఊరుకుంటుందా. క్యాంప్‌లో తేలిన షుగరంతా మామిడిరసమేనని రెండు రోజుల్లో పాకిపోయింది. రైసుమిల్లులో గుమాస్తా పని చేసే ఒకాయన, పదేళ్ళుగా షుగరున్న మనిషి, కాలి పుండు మానక కుంటుతూ తిరిగే మనిషి, బిళ్ళలన్నీ కాలవలో పడేసి జిలేబీ పొట్లంతో మా ఇంటి ముందు నుంచి వెళ్తూ కనిపించాడు.

“నాది కూడా మామిడికాయేనమ్మా!” అన్నాడు నవ్వుతూ. “పదేళ్ళు మోసం చేశారు నన్ను.”

“మీరు మామిడికాయ ముట్టుకుని ఎన్నాళ్ళయింది బాబాయ్ గారూ?”

“అది వేరే సంగతి.”

మనుషులకి కావలసిన మాట దొరికితే చాలు, కారణం అక్కర్లేదు. మిషన్ ఉందంటే ఉందని బిళ్ళలు మింగేవాళ్ళు, లేదంటే లేదని జిలేబీలు తినేవాళ్ళు. మధ్యలో చేతులు కడుక్కోమనే మనిషి అందరికీ అడ్డమే. మూడు రోజులు ఆ గుమాస్తా ఇంటి చుట్టూ తిరిగాను. చివరికి వాళ్ళావిడ గుమ్మంలో అడ్డం నిలబడి చెయ్యి పట్టుకుని కూర్చోబెడితే, సబ్బుతో కడిగించి, నరంలోంచి నెత్తురు తీసి తీసుకెళ్ళాను. వచ్చిన రిపోర్టు చూసి ఆయన నవ్వలేదు. మళ్ళీ బిళ్ళలు కొనుక్కున్నాడు. నాతో మాత్రం మాట్లాడ్డం మానేశాడు.

తర్వాతి క్యాంప్ గన్నవరం వైపు ఒక ఊళ్ళో పెట్టారు. నేను షామియానా ముందు రెండు బకెట్ల నీళ్ళు, మగ్గు, సబ్బు, తుడుచుకోడానికి కాగితాలు పెట్టించాను. కడుక్కోనివాళ్ళకి గుచ్చనన్నాను. గంటలో వరుస బడి గేటు దాటింది. పీఆర్వో మొహం ఎర్రబడింది.

“మేడం, ఇదేమన్నా పెళ్ళి భోజనాలా చేతులు కడిగించడానికి? ఫొటోల్లో బకెట్లు పడుతున్నాయండీ!”

“పడనివ్వండి.”

“మన స్పెషాలిటీయే స్పీడు కదా?”

“తప్పుని తొందరగా చెప్పడం స్పెషాలిటీ కాదండీ” అన్నాను.

ఆ మాట పై వాళ్ళ దాకా వెళ్ళింది. నన్ను క్యాంపుల్లోంచి తీసేసి మళ్ళీ లోపలి ల్యాబ్‌లో పడేశారు. నా బదులు కొత్తగా చేరిన ఒకమ్మాయిని పంపుతున్నారు. ఆ అమ్మాయి వెళ్ళే ముందు ప్రతిసారీ సంచీలో సబ్బు పెట్టి పంపుతాను. వాడుతోందో లేదో నాకు తెలియదు. అడిగితే వాడుతున్నానండీ అంటుంది, నేనైనా ఆ వయసులో అలాగే అనేదాన్ని.

అత్తగారు ఊళ్ళో ఎవరు అడిగినా ‘ఆ ఆసుపత్రివాళ్ళు’ అనేది తప్ప నా పేరెత్తలేదు. అదే నాకు ముల్లులా ఉండేది. వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తుంటే పక్కన కూర్చుని చెప్పేశాను.

“అత్తయ్యా, ఆ రోజు తప్పు నాది. చేతులు కడిగించి గుచ్చాల్సింది. శనివారం బిళ్ళ ఇవ్వకుండా ఉండాల్సింది.”

“తెలుసు” అంది, తలెత్తకుండా.

“ఎవరు చెప్పారు?”

“కంకిపాడు డాక్టరు నన్ను అడిగినప్పుడు నీ మొహం చూశాలే.”

“మరి ఒక్క మాటా అనలేదేం?”

“వీధిలో అంటే రేపు నీ చేత ఎవరు గుచ్చించుకుంటారు? ఇంట్లో అంటాలే, తొందరేముంది?” అంది.

అంది కూడా. ఆ తర్వాత ఏ చిన్న సంగతొచ్చినా అంటూనే ఉంది, మొహమాటమేమీ లేకుండా.

మొన్న ఆవిడకి జ్వరం వచ్చింది. ఊళ్ళో డెంగీ తిరుగుతోందని నేను ఆసుపత్రి నుంచి కార్డు తెచ్చాను. నేను చెప్పకుండానే ఆవిడ వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కొచ్చి మంచం మీద కూర్చుంది. చెయ్యి మాత్రం ఇవ్వలేదు.

“ఇది దేనికి చేస్తున్నావు?” అంది. చెప్పాను.

“చెయ్యమని ఎవరు చెప్పారు?” కంకిపాడు డాక్టరు గారు చెప్పారన్నాను.

“ఇది తప్పు చెప్తే ఎట్లా తెలుస్తుంది?”

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ మూడు ప్రశ్నలూ వరసగా అడిగిన రోగి నాకు తగల్లేదు. మా డాక్టర్లలో కూడా తక్కువే. మొదటి రెంటికీ జవాబు చెప్పాను. మూడోదానికి ‘కార్డులో లేదని వచ్చినంత మాత్రాన లేనట్టు కాదత్తయ్యా’ అని మాత్రమే అనగలిగాను. కార్డు పక్కన పెట్టి, మర్నాడు పొద్దున్న చేతి నరంలోంచి నెత్తురు తీసి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ల్యాబ్‌కి పట్టుకెళ్ళాను.